రెండో నంబరు గాజుపలక

ఏప్రిల్ రెండో సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర. ఆ హైస్కూలు అసెంబ్లీ హాల్లో ఉన్న మనుషులు నలుగురు: కరస్పాండెంటుగా ఉన్న పాస్టరు గారు, హెడ్‌మిస్ట్రెస్ సువార్తమ్మ గారు, అటెండర్ ఏసుపాదం, నేను. ఉన్న వస్తువులు: గుడ్డ కప్పిన హార్మోనియం, ముప్పై ఆరు బల్లలు, నడుస్తున్న గోడగడియారం, స్కూలు పెట్టిన దొరసాని ఫొటో, దాని కింద మొదటి బ్యాచ్ పిల్లల ఫొటో. నా సంచిలో టేపు, పగులు వెడల్పు కొలిచే స్కేలు, కాంక్రీటు గట్టిదనం చూసే సుత్తి, ఆరు గాజుపలకలు, ఒక డబ్బా ప్లాస్టర్. ఉత్తరపు గోడలో, నేలకు రెండడుగుల ఎత్తున మొదలై కిటికీ పైమూల దాకా పోయిన ఒక పగులు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న కన్సల్టెన్సీలో నేను ఏడేళ్ళు పనిచేశాను. హోదా అసిస్టెంట్ స్ట్రక్చరల్ ఇంజినీర్. రిపోర్టు రాసేది నేను, దిద్దేది సీనియర్, సంతకం చేసి ముద్ర వేసేది చీఫ్. ఆ పని మానేసి రెండేళ్ళయింది. ఇప్పుడు ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాను. ఉద్యోగ జ్ఞాపకాలు రాయడానికి ముప్పై నాలుగేళ్ళు చిన్న వయసే. కానీ పాత భవనాలను ఎలా పరీక్షిస్తారని విద్యార్థులు అడిగినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఈ ఒక్క కేసే. అందుకే దీన్ని ఒకసారి సరిగ్గా రాసి పెడుతున్నాను.

ప్రైవేటు యాజమాన్యంలోని స్కూలు తన గుర్తింపును రెన్యువల్ చేయించుకోవాలంటే, మిగతా కాగితాలతో పాటు, భవనం గట్టిగా ఉందని ఇంజినీరు ఇచ్చే సర్టిఫికెట్ కూడా ఫైల్లో ఉండాలి. గన్నవరం దాటాక కాలవ గట్టున ఉన్న ఈ మిషన్ హైస్కూలు ఫైలు మే నెలాఖరులోగా వెళ్ళాలి. ఆ పని నాకు అప్పగించారు.

పరీక్ష మొదలుపెట్టే ముందు ఆవరణలో ఉన్న కట్టడాలన్నీ పట్టిక వేసుకోవడం నా అలవాటు. సువార్తమ్మ గారు గొడుగు వేసుకుని నాతో పాటు ఎండలో తిరుగుతూ ఒక్కొక్కటీ చూపించారు. వందేళ్ళు దాటిన పాత భవనం: సున్నపు గోడలు, టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నం పోసిన మిద్దె. దాంట్లోనే అసెంబ్లీ హాలు. తరవాతి తరం వాళ్ళు కట్టిన రెండంతస్తుల కాంక్రీటు బ్లాకు, పది తరగతి గదులు. సైన్స్ ల్యాబు, అందులో ఒక అస్థిపంజరం, ఎడమ చెయ్యి లేదు. లైబ్రరీ, కంప్యూటర్ గది, వంటశాల, మంచినీళ్ళ ప్లాంటు, చేతి పంపు, అది కూడా పనిచేస్తోంది. వాలీబాల్ కోర్టు. చిన్న చర్చి. దాని గంటే స్కూలు గంట కూడా. చివరగా, హాలు వెనక, అదే ఉత్తరపు గోడను ఆనుకుని ఆడపిల్లల హాస్టలు.

స్కూలు చరిత్ర ఆవిడ నడుస్తూ చెప్పారు. మొదట పాక, తొమ్మిదిమంది పిల్లలు, వాళ్ళలో ఏడుగురు ఆడపిల్లలు. ఉప్పెనో గాలివానో వచ్చినప్పుడల్లా ఊరంతా ఈ మిద్దె మీదికే చేరేది. ఆవిడ తల్లి ఇక్కడ చదివారు, ఆవిడా ఇక్కడే చదివారు, ముప్పై నాలుగేళ్ళుగా ఇక్కడే పాఠాలు చెబుతున్నారు. వచ్చే ఏప్రిల్లో రిటైరవుతారు. ఇవన్నీ నా పట్టికలో పట్టవు. అయినా పక్కన రాసుకున్నాను.

హాస్టల్లో యాభై ఎనిమిదిమంది. సెలవులిచ్చినా సగంమంది ఇళ్ళకు వెళ్ళరని చెప్పారు. తల్లిదండ్రులు మిరపకోతలకు గుంటూరు వైపు వలస పోతారు. హాస్టలు లేకపోతే పిల్లలూ వాళ్ళ వెంట పోతారు. ఒక సీజన్ కోతకు వెళ్ళిన పిల్ల మళ్ళీ బళ్ళోకి రావడం ఆవిడ సర్వీసులో చాలా తక్కువసార్లు చూశారట.

కాంక్రీటు బ్లాకులో పెద్ద లోపాలు లేవు. మొత్తం సందేహమంతా ఆ పగులు దగ్గరే. పైన వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు, కింద రెండున్నర.

ఏసుపాదం స్టూలు పట్టుకుని నిలబడ్డాడు. ఈ పగులు ఎప్పటిదని అడిగాను.

"నేను చేరినప్పటికే ఉందండి. నాతో పాటే సర్వీసు చేస్తోంది. కాలవ కట్టేస్తే నోరు తెరుస్తుంది, కాలవ వదిలితే మూసుకుంటుంది. నాకంటే నయమండి, నేను ఏడాది పొడుగూ తెరిచే ఉంచుతాను."

పాస్టరు గారు నవ్వారు. నేను కూడా నవ్వి, 'స్థానికుల కథనం, ఆధారం లేదు' అని రాసుకున్నాను. నిజానికి అతను చెప్పింది పుస్తకాల్లో ఉన్నదే. నల్లరేగడి నేల నీరు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు గట్టు పక్క గోడలు కొద్దిగా విచ్చుకుంటాయి. అది అందరికీ తెలిసిన విషయమే. కానీ అటెండర్ నోటి నుంచి వచ్చిందని నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

పగులు లోపల కాగితాలు ఉన్నాయి. సన్నగా మడిచి కుక్కినవి. టార్చి వేస్తే లోతుగా ఇంకా చాలా కనిపించాయి. ఇవేమిటని అడిగాను. ఏసుపాదం హెడ్‌మిస్ట్రెస్ గారి వైపు చూశాడు. ఆవిడ పాస్టరు గారి వైపు చూశారు. పాస్టరు గారు గడియారం వైపు చూశారు. పిల్లలు, అని చివరికి సువార్తమ్మ గారు అన్నారు. నేను నా లోపాల పట్టికలో పదకొండో వరసలో 'పగులులో చెత్త కాగితాలు, తొలగించవలెను' అని రాశాను.

పగులు కదులుతోందా, ఎప్పుడో కదిలి ఆగిపోయిందా అన్నది తేల్చడానికి పాత, చవకైన పద్ధతి ఒకటుంది. పగులు మీద అడ్డంగా సన్నటి గాజుపలకను రెండు చివరలా ప్లాస్టరుతో అతికిస్తారు. గోడ కాస్త ఎక్కువగా కదిలినా గాజు పగులుతుంది, ఎందుకంటే గాజు సాగదు. పగిలితే గోడ కదులుతోందని అర్థం. నేను మూడు పలకలు అతికించాను. పైన ఒకటో నంబరు, మనిషి భుజం ఎత్తున రెండో నంబరు, కింద మూడో నంబరు. తేదీ, సమయం, వెడల్పు పెన్సిలుతో పక్కనే రాశాను. వారానికోసారి వచ్చి చూస్తానని, ఎవరూ గోడకు సున్నం వెయ్యవద్దని చెప్పాను. గాజు ఎందుకో చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మొదటి వారం మూడూ బాగున్నాయి. రెండో వారం, అంటే నాలుగో సోమవారం నాడు, రెండో నంబరు పలక పగిలి ఉంది.

ఫొటో తీశాను. ఆఫీసుకు వచ్చి మర్నాడే మధ్యంతర నివేదిక రాశాను. ఉత్తరపు గోడ కదలికలో ఉంది; హాలు, హాస్టలు వెంటనే ఖాళీ చేయాలి; పూర్తి పరీక్ష అయ్యేదాకా సర్టిఫికెట్ ఇవ్వలేము. సీనియర్ ఒక్క అక్షరం మార్చలేదు. చీఫ్ ముద్ర వేశారు. నివేదిక ఒకటిన్నర పేజీ. యాభై ఎనిమిదిమంది ఎక్కడికి వెళ్ళాలన్న వరస అందులో లేదు. మా నమూనాలో అలాంటి వరస ఉండదు.

గురువారం మధ్యాహ్నం సువార్తమ్మ గారు మా ఆఫీసుకు వచ్చారు. బస్సు దిగి, బెంజ్ సర్కిల్ దాటి, మూడంతస్తులు మెట్లెక్కి వచ్చారు. లిఫ్టు ఆ రోజు పనిచెయ్యలేదు. మంచినీళ్ళు తాగి, చేతిసంచిలోంచి న్యూస్‌పేపర్ చుట్టిన పొట్లం తీసి నా బల్ల మీద పెట్టారు. విప్పితే, ఫొటోలు ఫ్రేము కట్టే షాపులో కోయించిన గాజుముక్క. సరిగ్గా నా పలకల కొలత.

"పగలగొట్టింది గోడ కాదు బాబూ. నేను," అన్నారు.

తరవాత మెల్లగా చెప్పారు. ఆ పగులులో ఉన్నవి చెత్త కాదు, ప్రార్థన చీటీలు. పదో తరగతి పరీక్షలకు ముందు రోజు పిల్లలు తమ హాల్ టికెట్ నంబరు, ఒక కోరిక రాసి అందులో పెడతారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఆవిడ చదువుకున్నప్పటికే ఉంది. ఆవిడ చీటీ కూడా అందులోనే ఎక్కడో ఉంది. గోడలో కాగితం పెడితే దేవుడు వింటాడనడం విశ్వాసం కాదని ఇప్పటి పాస్టరు గారు వచ్చిన కొత్తలోనే ప్రసంగంలో గట్టిగా చెప్పారు. అప్పటినుంచి పిల్లలు ఆయన లేనప్పుడు పెడుతున్నారు, టీచర్లు చూడనట్టు ఉంటున్నారు. అందుకే ఆ రోజు ఆయన ముందు ఎవరూ నోరు విప్పలేదు.

నేను మొదటివారం చూసి వెళ్ళాక, శుక్రవారం నాడు ఆవిడ ఒక చీటీ రాసి పెట్టబోయారట. చెయ్యి అందే ఎత్తులో గాజు అడ్డం వచ్చింది. దాని కిందనుంచి చెక్క స్కేలుతో నెట్టారు. టిక్కుమంది. కొలతలకేదో పెట్టిన గాజు, ఇంజినీరు గారు వచ్చాక కొత్తది ఇచ్చి చెప్పుకుందాం అనుకున్నారు. సోమవారం నేను వచ్చినప్పుడు ఆవిడ మండల ఆఫీసులో మీటింగులో ఉన్నారు. బుధవారం పాస్టరు గారు నా నివేదిక చదివి వినిపిస్తుంటే, 'పలక పగిలినందున' అన్న మాట దగ్గర ఆవిడకు అర్థమైంది.

నా ఇబ్బంది ఆవిడకు చెప్పాను. సర్టిఫికెట్ కావలసినవాళ్ళే వచ్చి, గాజు పగలడానికి కారణం మేమే అంటే, దాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి మా పద్ధతి ఒప్పుకోదు. ప్రతివాళ్ళూ అదే చెబుతారు.

"నా మాట నమ్మి రాయమనట్లేదు బాబూ. మీ పనిలో నమ్మకాలు పనికిరావని నాకు తెలుసు. లెక్కల టీచర్ని. వచ్చి ఇంకోసారి చూడమంటున్నాను, అంతే. నేను పెట్టిన చీటీ ఆ గాజు వెనకే ఉంది."

ఆవిడ వెళ్ళాక నా ఫొటో కంప్యూటర్లో తెరిచి పెద్దది చేసి చూశాను. గోడ కదిలితే గాజు పగులు రేఖ వెంబడి, నిలువుగా విరుగుతుంది. ఇది కింది అంచు నుంచి ఏటవాలుగా విరిగింది, ఆ అంచున గోరంత పెచ్చు లేచింది. ఏదో వస్తువుతో కిందనుంచి నెడితేనే అలా లేస్తుంది. పైగా పగులు అన్నింటికంటే వెడల్పుగా ఉన్నది ఒకటో నంబరు దగ్గర. గోడే కదిలి ఉంటే ముందు అది పగలాలి. అది చెక్కుచెదరలేదు. ఈ రెండు విషయాలూ సోమవారమే నా కెమెరాలో ఉన్నాయి. గాజు పగిలిందన్నది చూశాను. ఎలా పగిలిందో చూడలేదు.

శుక్రవారం ఉదయం మళ్ళీ వెళ్ళాను. మొదటి రోజు ఉన్న నలుగురమే ఉన్నాం. పాస్టరు గారికి ఆవిడ ముందే అంతా చెప్పేసినట్టున్నారు. ఆయన ఒక బల్ల మీద కూర్చున్నారు. రెండో నంబరు పలక ముక్కలు ఊడదీసి, పట్టకారుతో పగులులోంచి పైనున్న చీటీ బయటికి లాగాను. గళ్ళ నోటుబుక్కు కాగితం, కొత్త ఇంకు. చదవాల్సి ఉంటుందని ఆవిడతో అన్నాను. తల ఊపారు.

అందులో హాల్ టికెట్ నంబరు లేదు. భవనం పాసవ్వాలని కూడా లేదు. ఒకటే వాక్యం ఉంది: 'ఇంజినీరు గారి లెక్క తప్పు పోకుండా చూడు ప్రభువా.'

లెక్క తప్పు పోవడానికి కారణం ఆ చీటీయే. ఆ సంగతి అక్కడున్న అందరికీ ఒకేసారి తట్టింది. ముందు నవ్వింది ఏసుపాదం. సువార్తమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, నవ్వుకో మరి దేనికో. నాకు మా మంగళగిరి గుర్తొచ్చింది. నా పదో తరగతి హాల్ టికెట్‌ని మా అమ్మ కొండ మీద స్వామి దగ్గర పెట్టించి, కుంకుమ అంటిన దాన్ని తెచ్చి ఇచ్చింది. ఆ కుంకుమ మరకకు పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ గట్టిగా కోప్పడ్డాడు.

నివేదిక వెనక్కి తీసుకుంటే కారణం రాయాలి. పాస్టరు గారు ఏమని రాస్తారని అడిగారు. హెడ్‌మిస్ట్రెస్ గారి చేతి ఒత్తిడి వల్ల పలక పగిలిందని రాస్తానన్నాను.

"చీటీ సంగతి రాయక తప్పదా?"

"తప్పదండీ. పనేమీ లేకుండా చెయ్యి అక్కడికెందుకు వెళ్ళిందని అడుగుతారు."

ఆయన దొరసాని ఫొటో వైపు చూశారు. ఈ చీటీల మీద ఆయన చేసిన ప్రసంగం విన్నవాళ్ళు ఇద్దరు అక్కడే ఉన్నారు.

"అయితే ప్రార్థన అనే రాయండి," అన్నారు. "చీటీ అన్నదాన్ని మాత్రం బ్రాకెట్లో పెట్టండి."

అలాగే రాశాను. తప్పు నాదేనని చీఫ్‌కు చెప్పాను. ఏడేళ్ళలో ముద్ర పడ్డ నివేదిక వెనక్కి తీసుకోవడం అదొక్కసారే. ఇక గాజు వద్దని ఆయన అన్నారు. పగులుకు అటూ ఇటూ రెండు చిన్న స్టీలు బొడిపెలు అతికించి, వాటి మధ్య దూరాన్ని డయల్ గేజితో మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచే పద్ధతి పెట్టాం. దాని మీద ఎవరు ఏం నెట్టినా పగిలేది లేదు. నాలుగు వారాల్లో పగులు 0.14 మిల్లీమీటరు తెరుచుకుంది. కాలవకు నీళ్ళు లేక నేల ఎండే రోజుల్లో అది మామూలు. హాలులో తరగతులు పెట్టకూడదు, గోడ చుట్టూ నేలలో తేమ ఒకేలా ఉండేటట్టు సిమెంటు చప్టా వెయ్యాలి, గోడను ఇనుప కడ్డీలతో బిగించాలి అన్న షరతులతో సర్టిఫికెట్ మే మూడో వారంలో ఇచ్చాం. హాస్టలు ఖాళీ చేయనక్కర్లేదు. ఫైలు గడువులోపలే వెళ్ళింది.

కాలవకు నీళ్ళు వదిలాక ఆగస్టులో వెళ్ళి మళ్ళీ కొలిచాను. తెరుచుకున్నదంతా మూసుకుని, ఇంకొంచెం కూడా దగ్గరకు వచ్చింది. ఏసుపాదాన్ని పిలిచి గేజి చూపించాను. మొదటి రోజు నోట్సులో 'ఆధారం లేదు' అన్న మాట కొట్టేసి, అతని పేరు, హోదా రాశాను. అతను గేజి వైపు చూడలేదు. కాగితం మీద తన పేరు దగ్గర స్పెల్లింగ్ సరిగ్గా ఉందా అని చూసుకుని, టీ తెస్తానని వెళ్ళాడు.

చప్టా, కడ్డీల పని ఆ చలికాలంలో పూర్తయింది. చివరికి మిగిలింది పగులును సున్నంతో పూడ్చడం. అందుకు ముందు చీటీలు తియ్యాలి. అవి పగులు తెరుచుకుని ఉన్నప్పుడే వస్తాయి కనుక మళ్ళీ ఏప్రిల్ దాకా ఆగాం. అది సువార్తమ్మ గారి ఆఖరి నెల. ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను పట్టకారుతో ఒక్కొక్కటే తీసి పాత బిస్కెట్ డబ్బాలో వేశాను. నిరుడు తీసి ఫైల్లో ఉంచిన ఆవిడ చీటీని కూడా వాటితో కలిపాను. రెండు రోజులు పట్టింది. పైవి తెల్లగా, లోపలివి గోధుమరంగులో ఉన్నాయి. బాగా లోపలివి ముట్టుకుంటే విరిగేలా ఉన్నాయి. ఏ పొరా కిందికి జారలేదు. పగులు ఏటేటా పెద్దదవుతూ ఉంటే పాత చీటీలు రాలిపోయి ఉండేవి. నా గేజి ఒక ఏడాదిలో చెప్పినదాన్నే ఆ కాగితాలు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాయి. దాన్ని అనుబంధంగా నివేదికకు జతచేశాను.

నంబర్లు ఉన్నాయి కాబట్టి, పాత ఫలితాల రిజిస్టర్లు ఆఫీసులో ఉన్నాయి కాబట్టి, చీటీ పెట్టినవాళ్ళలో ఎంతమంది పాసయ్యారో సరిచూడవచ్చని నాకు తోచింది. ఒక పూట పని. ఆవిడతో అన్నాను.

"అది లెక్కపెట్టకండి బాబూ," అన్నారు.

లెక్కపెట్టలేదు. ఆవిడ చిన్నప్పటి చీటీ ఏదో కూడా వెతకలేదు. డబ్బా మూతకు టేపు వేసి, హార్మోనియం పక్కనున్న బీరువాలో పెట్టించారు. మర్నాడు పగులు పూడ్చాం. ఆ తరవాతి బ్యాచ్ పిల్లలు చీటీలు ఎక్కడ పెడుతున్నారో నేను అడగలేదు. అక్కడ నాకు వేరే పని కూడా లేదు.

ఈ కేసు నాకు నేర్పినవి మూడు. పరికరం పెట్టే ముందు అదెందుకో అక్కడివాళ్ళకు చెప్పాలి. ఆ గోడను రోజూ ఎవరు ముట్టుకుంటారో, ఎందుకు ముట్టుకుంటారో, పైఅధికారి లేనప్పుడు ఇంకోసారి అడగాలి. పగిలిందని రాసే ముందు ఎలా పగిలిందో చూడాలి.

అనుబంధంలో నమోదైన చీటీలు: 387. వాటిలో హాల్ టికెట్ నంబరు లేనిది: 1.